గుమ్మం దాకా

ప్లే స్కూల్లో ఒక కాగితం ఇచ్చారు.
పాప మాట వినకపోతే మీరేం చేస్తారు?
కింద నాలుగు గడులు:
నచ్చజెబుతాను, కసురుతాను, కొడతాను, వదిలేస్తాను.
ఒక్కదానికే టిక్కు పెట్టాలట.

టీచరమ్మా,
ఏ రోజు సంగతి అడుగుతున్నావు?
నీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజా, రాని రోజా?
వీరావల్ బోటు నుంచి ఆయన డబ్బులేసిన వారమా,
ఫోను కలవని వారమా?

మొన్న మంగళవారం కొట్టాను.
రాత్రంతా రొయ్యల కంపెనీలో
మంచుముక్కల్లో చేతులు పెట్టి తలలు తుంచి
తెల్లారి బస్సు దిగి
మధురవాడ కాలనీలో మూడంతస్తులు ఎక్కేసరికి
జస్విత పాలగిన్నె ఒంపేసింది.
కావాలని కాదు, పిల్లికి పోద్దామనుకుంది.
నా వేళ్ళకి ఇంకా స్పర్శ రాలేదు.
ఎంత గట్టిగా తగిలిందో చేతికి తెలీలేదు,
దాని వీపు మీద తేలాక
కళ్ళకి తెలిసింది.

బుధవారం అదే పిల్ల, అదే గిన్నె.
"పోన్లే బంగారం" అన్నాను.
అది నచ్చజెప్పడం కాదు,
మంగళవారం బాకీ తీర్చుకోవడం.
దాని గడి ఏదీ?

గొంతు పెంచకండి,
పిల్ల ఎత్తుకి వంగి
కళ్ళలోకి చూసి మెల్లగా చెప్పండి, అంటుంది నర్సమ్మ.
మంచిదే.
ఆ మెల్లగా ఎక్కడ దొరుకుతుందో,
రేషను కార్డు మీద ఇస్తారేమో కనుక్కోవాలి.
నా గొంతు పెదజాలారిపేట ఇసకలో పెరిగింది.
మా అమ్మ పోలమ్మ ఒక్క కేక వేస్తే
కెరటం హోరు దాటుకుని వచ్చి
పిల్లని చెవి పట్టి వెనక్కి లాగాలి.
ఇక్కడ కిటికీలోంచి కొండే తప్ప
సముద్రం కనబడదు.
గొంతుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

అమ్మ నన్ను కట్టేసేది.
మంచం కోడుకి, పాత చీర పేలికతో, నడుముకి.
చీకటితో హార్బరుకి పోయి, పాటలో నిలబడి,
తట్ట ఖాళీ చేసుకుని
పొద్దెక్కాక వచ్చేది.
నాకు అప్పుడు నాలుగేళ్ళు.
ఏడ్చి ఏడ్చి పేలిక చివర నమిలేదాన్ని.
ఉప్పగా ఉండేది.

నా పిల్లని కట్టనని
అది కడుపులో ఉండగానే ఒట్టు పెట్టుకున్నాను.
కట్టలేదు కూడా.
నీళ్ళకి దిగినప్పుడు
ఫోన్లో బొమ్మలు పెట్టి చేతికిచ్చి
బయట గొళ్ళెం వేస్తాను, అంతే.

పోయిన నెల అడిగేశాను.
ఎందుకే అమ్మా నన్నలా కట్టేసేదానివి?
ఎండు నెత్తళ్ళు ఏరుతూ, తలెత్తకుండా,
"సంద్రం ఇరవై అడుగులే.
నువ్వేమో పరిగెత్తీ గుంటవి.
ఏటి సెయ్యమంతావు?" అంది.
చేటలో చెయ్యి ఆగింది.
"గుమ్మం దాకా అందీలాగ కొలిసే కట్టీదాన్ని.
గుమ్మంలో కూకుంటే దారి అగుపిస్తాది కదా,
నానొచ్చీది సూస్తావని."

ఇన్నేళ్ళూ నేను
ముడినే గుర్తుపెట్టుకున్నాను.
పొడవు గుర్తులేదు.

ఈ సాయంత్రం షిఫ్టుకి తల దువ్వుకుంటుంటే
జస్విత నా చున్నీ లాక్కొచ్చి
నా కాలికీ మంచం కోడుకీ చుట్టబెడుతోంది.
దీనికెవరు చెప్పారు?
అమ్మ కేసి చూశాను.
తనకేం తెలీదన్నట్టు చేతులు తిప్పింది.
"నువ్వెళ్ళకు. ఎళ్తే కొడతాను,"
అచ్చం నా గొంతు.
వెంటనే నా మోకాలు నిమిరి
"పోన్లే బంగారం."
అదీ నా గొంతే.

కాగితం సంచిలోనే ఉంది,
మడతల్లో రొయ్యల వాసన పట్టి.
రేపటికి ఇవ్వాలి.

ముడి వెయ్యడం రాదు దానికి.
రెండు చుట్లు, అంతే.
కాలు కదిపితే ఊడిపోతుంది.

కదపలేదు.
కింద కంపెనీ బస్సు
రెండోసారి హారన్ కొట్టింది.