రెండు గుల్లలు తక్కువ

తప్పు నాదే.
గట్టిగా కనిపించింది ఇసుక,
వెనక్కి తగ్గిన సముద్రం
నేలకి ఇస్త్రీ చేసి వెళ్ళినట్టు.
రోడ్డు చుట్టూ తిరిగితే గంట,
కుకావో తీరం వెంట అయితే ఇరవై నిమిషాలు.
శాంటియాగో నుంచి దిగినవాడికి
మునగడానికి ఆ లెక్క చాలు.

వెనక చక్రాలు కాస్త గునిశాయి,
తర్వాత ఉన్నచోటే తిరిగి తిరిగి
తమ గొయ్యి తామే తవ్వుకున్నాయి.
వ్యానులో పదకొండు కుట్టుమిషన్లు,
బాగుచేసి ఇళ్ళకి చేర్చాల్సినవి.
ఒక్కోదానికి దారంతో కట్టిన చీటీ,
చీటీ మీద ఒక ఆడమనిషి పేరు.
చేతుల్తో తవ్వాను.
కాళ్ళ కింది పట్టా తీసి చక్రం కింద తోశాను,
నమిలి ఉమ్మేసింది.
ఫోన్లో ఒక్క గీత లేదు.
దూరాన తెల్లటి గీత ఒకటి ఉంది,
అది మాత్రం దగ్గరికొస్తోంది.

ముందుగా వచ్చింది ఒక పిల్ల,
గుల్లల బుట్టతో, మోకాళ్ళదాకా తడిసి.
చక్రాన్ని చూసింది. నన్ను చూసింది.
"ఇంజన్ ఆపు" అంది, మా మేస్త్రీ గొంతుతో.
బుట్ట నా చేతుల్లో పెట్టి
ఇసుక దిబ్బల్లోకి పరుగు తీసింది.
ఆ బరువే లేకపోతే
వ్యాను సముద్రానికి వదిలేసి
నేనూ నడిచిపోయేవాణ్ణి.

రోసమెల్ చిగువాయ్ వచ్చాడు,
వెనకాల రెండు ఎడ్లు,
వాటి వెనక సముద్రపు నాచు ఏరే అన్నదమ్ములు,
ఒక ముసలామె,
ఆరిపోయిన సిగరెట్టు నోట్లోంచి తీయని ఒకతను.
"ఇటెందుకొచ్చావ్?" అని ఎవరూ అడగలేదు.
మూడు జవాబులు సిద్ధం చేసుకున్నాను,
మూడూ వృథా.

కాడిని కొమ్ములకి కడతారిక్కడ, మెడకి కాదు.
తోలుపట్టీ ఎనిమిది చుట్లు.
పోటు తొందరపడుతోంది,
ఆయన తొందరపడలేదు.

మిషన్లు దించారు చేతి నుంచి చేతికి,
నిద్రపోయిన పిల్లల్ని మంచం మార్చినట్టు.
దిబ్బ మీద పదకొండు నల్లటి మెడలు.
ముసలామె వంగి చీటీలు చదివింది.
"ఎల్సిరాది ఇంకా నడుస్తోందా?"
"ఎదుల్యా పోయి నెలైందే, ఇదెవరికి?"
నాకేం తెలుసు,
నేను పట్టా మార్చాను, నూనె వేశాను.

ఆయన ఎడ్ల చెవిలో ఏదో అన్నాడు.
అది స్పానిష్ కాదు,
మనుషులతో మాట్లాడే భాషే కాదు.
తాడు బిగిసింది. భుజాలు ఆనించాం.
మొదటి అల చీలమండ పట్టుకుంది,
అప్పులవాడిలా చల్లగా.
ఏమీ కాలేదు.
మళ్ళీ ఏమీ కాలేదు.
సిగరెట్టతను ఒక బూతుమాట అన్నాడు, ప్రార్థనంత శ్రద్ధగా.
అప్పుడు ఇసుక పుక్కిలించిన చప్పుడు.
వ్యాను కదిలింది,
నేను బోర్లా పడ్డాను నీళ్ళలో.
అందరూ నవ్వారు. ఎడ్లు తప్ప.

పర్సు తీశాను.
రోసమెల్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.
"వాటికివ్వు" అని గడ్డంతో చూపించాడు.
తడిసిన నోట్లను ఎడ్లు వాసన చూసి
ముక్కుతో ఊదేశాయి.

పదకొండు దిగాయి, పది ఎక్కాయి.
"ఎదుల్యాది ఇక్కడే ఉండనీ,
దాని కూతురికి నేను చేరుస్తా" అంది ముసలామె,
అప్పటికే దాన్ని శాలువాలో చుట్టేసి.
నా ఒళ్ళో ఉడికిన ఊదారంగు బంగాళాదుంప ఒకటి పడేసింది.

పిల్ల బుట్ట తీసుకుని లెక్కపెట్టింది,
పెదాలు కదుపుతూ, మొదటి నుంచి మళ్ళీ.
"రెండు తక్కువ" అంది.
పడ్డప్పుడు జారి ఉంటాయి, చెప్పబోయాను.
"సర్లే. మళ్ళీ వచ్చినప్పుడు తే."
తలుపు దబ్బున వేసింది,
రోడ్డు ఎటుందో చూపించింది.