కొసరు

షట్టర్‌కు అట్టముక్క కట్టినం:
"ఆరు రోజులు కూరలు లేవు."
ఎందుకు లేవో రాయలే.
రాంనగర్ల మా కర్రీ పాయింటు పదకొండేండ్లల్ల
మూసింది రెండేసార్లు,
మామ పోయినప్పుడు, లాక్‌డౌన్ల.
మూడోసారి మూస్తుంటె
తాళం తిప్పెటందుకు నాకు చెయ్యి రాలే.
ఐలయ్యనే తిప్పిండు.

చిట్టి ఎత్తిన పైసలు.
పెద్ద గ్రైండర్ కొందామనుకున్నం.
పిల్ల సుప్రజ ఫోన్ల కొండలు చూపెట్టింది,
"అమ్మా, ఈడ మే నెలల గూడ మంచుంటదట."
మే నెలల మా వంటర్రల మీరు నిలబడి చూడలే.
మూడు పొయ్యిలు, నెత్తిమీద రేకులు,
గోడకు ఆనితె బొబ్బ లేస్తది.
మంచు అన్న మాట ఇన్నంక
గ్రైండర్ ముచ్చట మళ్ళ ఎవ్వరం ఎత్తలే.

పాస్‌పోర్ట్ ఆఫీసుల నా ఏళ్ళు మిషిన్ల పడలే.
ఉల్లిగడ్డలు కోసి కోసి గీతలు అరిగినయన్నడు పిలగాడు.
తడిగుడ్డతోని తుడిసి, ఊది, ఒత్తి
నాలుగోసారికి పడ్డయి.

స్వెటర్లు ఎదురింటి కానిస్టేబుల్ భార్యయి,
చార్‌ధామ్ పోయొచ్చినయి, ఇంకా కర్పూరం వాసన.
అల్మాటీ అంటె అత్తకు నోరు తిరగలే.
"ఆలూమటర్" అన్నది.
విమానం ఎక్కి, ఢిల్లీల మారి, దిగేదాక
మాకందరికి అది ఆలూమటరే అయింది.

కొండ మీద తీగబండి దిగి
అత్త మంచును గిల్లి చూసింది.
"ఫ్రిజ్‌ల గీకితె ఒచ్చేదే గదనే!
దీనికింత ఖర్సా?"
అన్నది గాని, ఎవరూ చూస్తలేరనుకొని
ఒక ముద్ద కొంగుల ముల్లె కట్టుకున్నది.
కిందికొచ్చెటాల్లకు కొంగు తడి, ముల్లె ఖాళీ.

చేతులు కొంకర్లు పోతుంటె
ఐలయ్య జేబులకెళ్ళి కూరల కవర్లు తీసిండు.
ఎందుకు తెచ్చిండో ఆయినకే తెల్వది.
అందరి చేతులకు తొడిగి రబ్బర్లు ఏసిండు
సాంబారు పార్సిల్ కట్టినంత జల్దిగ.
ఫొటోల మేం నలుగురం
ఎనిమిది అరకిలో పాకెట్లు పైకెత్తి నవ్వుతున్నం.

ఆ మలుపు కాడ చిన్న హోటల్.
ఏం మాంసమో అడుగుదామంటె మాట రాదు.
ఐలయ్య గొర్రె లెక్క అరిసిండు.
ఆమె కూడ అరిసింది. అట్ల ఒప్పందమైంది.

నేను కూసుంటె
ఎవరో ఒడ్డించవట్టె.
చేతులు యాడ పెట్టుకోవాల్నో తెల్వక
ఒళ్ళె పెట్టుకున్న.
గిన్నె దించుతుంటె చూసిన,
ఆమె కుడి మణికట్టు మీద కాలిన మచ్చ
సరిగ్గ నాకున్న కాడనే,
మూకుడు అంచు తాకే కాడ.
స్వెటర్ చెయ్యి ఎనక్కి గుంజి నాది చూపిన.
తన మచ్చ పక్కన పెట్టి కొలిచింది.
నాదే పొడుగు.
ఏదో అన్నది. నేను "అవు" అన్న.
లోపలికి పోయి గంటె నిండ తెచ్చి
అడగకముందే నా గిన్నెల పోసింది.
బిల్లుల అది లేదు.
కొసరును వాళ్ళ దిక్కు ఏమంటరో
అడుగుదామనుకుంటనే కారెక్కిన.

ఏడో దినం షట్టర్ లేపినం.
నలభై రెండు డిగ్రీలు.
ముందుగాల ఒచ్చింది హాస్టల్ పిలగాడు.
"యాడికి పోయిన్రు ఆంటీ, పస్తులుండి చచ్చినం."
"ఆలూమటర్" అన్నది అత్త
కొత్తిమీర తెంపుకుంట, తల ఎత్తకుండ.
"సరే, అదే ఒకటి కట్టున్రి" అన్నడు.

లేదని చెప్పబుద్ధి కాలే.
ఆలుగడ్డ టమాట ఉండె, అదే ఏసిన.
ఐలయ్య దారం తిప్పుతుంటె
ఆగుమని ఇంకో గంటె పోసిన.
ముడి పడలే.
ఇప్పి, పెద్ద కవర్ల మార్సి
మళ్ళ కట్టిండు,
గొణుక్కుంటనే.