ఈ రంధ్రం మూయరాదు

పొద్దున పద్దెనిమిది వందల బాత్.
మధ్యాహ్నం అన్నం పొట్లం విప్పేలోగా
హోల్‌సేలు కునార్త్ ఫోన్ చేశాడు:
"చెరిపెయ్. రెండువేల ఏడొందలు."
దీపాలవేళ మళ్లీ చేశాడు.
దిద్ది దిద్ది, నా అట్టమీద అంకెలు
బురదలో అడుగుల్లా
ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి.

బాంకాక్‌లో, మూడో అంతస్తులో,
ఎస్కలేటరు పక్కన ఆరడుగుల కొట్టు నాది.
బీరువా వెనక నలభై ఒక్క హార్డ్‌డిస్కులు.
ఎవరడిగినా
నాలుగే ఉన్నాయంటాను.

లమ్‌దువాన్ పిన్ని వచ్చి పదకొండు రోజులు.
అయుథ్యా నుంచి, కొంతదూరం తలుపుచెక్క మీద,
కొంతదూరం సైనికుల లారీలో.
ఒళ్లో రైస్‌కుక్కరు,
దాన్లో ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు.

పద్నాలుగేళ్లు ఆమె
కళ్లు తప్ప కనబడని తెల్లముసుగులో నిలబడింది.
పౌడరు కూడదు. గోళ్లరంగు కూడదు.
సిగరెట్టు తాగొచ్చినవాణ్ని గుమ్మంలోనే ఆపేస్తారు.
"వెంట్రుకని పదివేల పాయలు చీలిస్తే
ఒక్క పాయంత ఎత్తున ఎగురుతుందిరా లోపలి సూది.
నలుసు పడిందా, అంతే సంగతి."

నలుసుని రానివ్వని ఆ గదిలోకి
నది వచ్చింది.
చెప్పులైనా విప్పకుండా వచ్చింది.
కొబ్బరిడొక్కలు, గ్యాసుబండ, ఎవరింటిదో ఉయ్యాల,
ఈదలేక ఈదుతున్న ఉడుము,
అందర్నీ వెంటబెట్టుకుని వచ్చింది.

ఊరంతా దీపాలు కొండెక్కాయి.
వాటి వెనకే ధరలూ.
పిన్ని వాళ్ల మైదానంలో కొండల్లేవు,
మనుషులు చూరెక్కారు.
నీరు పల్లమెరుగుతుందని చిన్నప్పుడే విన్నాను,
ధర మెరకనెరుగుతుందని
ఈ అక్టోబరులో తెలిసింది.
అబద్ధమెందుకు, సంతోషంగానే తెలిసింది.

పిన్ని ఊరికే కూర్చోలేదు.
డిస్కుని అరచేతిలో తూచి, తిరగేసి,
లేబులు మీది తేదీ చదువుతుంది.
"ఇది ఆగస్టుది. రెండో షిఫ్టు.
ఆ వారం నా పక్కన బుప్ఫా.
తుమ్మొస్తే ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తేది."
కాసేపాగి,
"వాళ్ల ఇల్లు మాకంటే పల్లం" అంది.

ఈరోజు ప్రసోంగ్ అనే ఆయన వచ్చాడు,
రంగ్‌సిత్‌లో పెళ్లిఫోటోల స్టూడియో.
పాలిథిన్ సంచిలో పాత డిస్కు,
ముడివిప్పితే
చేపలబజారు వాసన.
"మూడొందల పెళ్లిళ్లు" అన్నాడు.
పిన్ని చెవిదగ్గర పెట్టుకుని ఊపింది.
లోపల నీళ్లు కదిలాయి.
పైనున్న చిన్న రంధ్రం చూపించింది:
"దీనికి ఊపిరి ఇదొక్కటే.
ఇక్కడినుంచే తాగేసింది."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత, కొత్తదొకటి ఇవ్వమన్నాడు.
మళ్లీ పెళ్లిళ్లు రాకపోతాయా.
నేను సాయంత్రపు ధర చెప్పాను.
"ఉన్నవి నాలుగే" అని కూడా చెప్పాను,
అడక్కుండానే.

వెండిసంచి విప్పి బల్లమీద పెట్టాను.
పిన్ని కళ్లద్దాలు సర్దుకుంది.
మా కొట్టు గ్యారంటీ చీటీ,
దానిమీద మూడుసార్లు దిద్దిన ధర,
సరిగ్గా ఆ రంధ్రంమీద అంటించాను.
పక్కనే అచ్చుంది: ఈ రంధ్రం మూయరాదు.

పద్నాలుగేళ్ల గోటితో ఆమె
చీటీ అంచు లేపింది, చిరగకుండా,
ఒక అంగుళం ఇవతల అంటించింది.
"ధర నీ ఇష్టమొచ్చినట్టు రాసుకో నాయనా.
ఇక్కడ మాత్రం వద్దు."
తర్వాత, ఆయన వింటుండగానే,
"బీరువా వెనకున్న వాటికీ
ఇలాగే అంటించావా?"

ఒక్కొక్కటే తెచ్చి బల్లమీద పెట్టాను.
పిన్ని ఒక్కొక్కటే ఊడదీసి అంటిస్తోంది.
ప్రసోంగ్ ఏమీ అనలేదు.
పెదవులు మాత్రం కదుపుతున్నాడు.
నాలుగు దాటాక కూడా
లెక్కపెట్టడం ఆపలేదు.