అయిదో మెట్టు

బల్లరాట్‌లో జూలై చలి.
మంగళవారం రాత్రి ఏడున్నరకి
బౌలింగ్ క్లబ్బు వెనక గది.
గ్యాస్ హీటర్ ఒక వైపే వెలుగుతుంది,
మాట్లాడే వంతు వచ్చినవాళ్ళు దాని పక్కకి జరుగుతారు.
నేను ఎనిమిది వారాలు చలిలోనే కూచున్నాను.

ఇంటిపేరు అక్కర్లేదన్నారు.
ఇంటిపేరు వింటే ఊరూ కులమూ మేనమామా
మూడూ చెప్పేసే మనుషుల్లోంచి వచ్చినవాణ్ణి;
ఒట్టి ఫణిగా నిలబడితే
ఒంటిమీద చొక్కా లేనట్టనిపించింది.

బళ్ళో సప్తవ్యసనాలు బట్టీ పట్టాం.
మొదటిది స్త్రీ అని వల్లించేవాళ్ళం
జూదం కన్నా, కల్లు కన్నా ముందు.
నలభై రెండేళ్ళకి తెలిసింది
ఆ పట్టికలో నా పేరుండాల్సిన చోట
వాళ్ళ పేరు రాశారని.

నాలుగో మెట్టు: దాచకుండా రాయమన్నారు.
తొంభైయారు పేజీల నోట్‌బుక్కు.
రాత్రి డ్యూటీలో, ల్యాబులో,
ఎవరెవరి రక్తమో గిర్రున తిరిగే మిషను పక్కన.
ఇంగ్లీషులో మొదలెడితే
ఇంకెవరి రిపోర్టో రాస్తున్నట్టుంది.
చింపేసి తెలుగులో రాశాను.
తెలుగులో చెయ్యి వణికింది.
ఫోన్లు. మోటెళ్ళు. రెండో క్రెడిట్ కార్డు.
పాప పుట్టిన పొద్దున ఆస్పత్రి పార్కింగులో
నలభై నిమిషాలు నేనేం చేస్తున్నానో.

అయిదోది: ఇంకో మనిషికి చదివి వినిపించాలి.
మెర్వ్,
గొర్రెల బొచ్చు కత్తిరించి కత్తిరించి వంకరపోయిన వేళ్ళు,
ఒక చెవికి మిషను, పదిహేడేళ్ళుగా నిలబడ్డవాడు,
"నువ్వు బతికిన భాషలోనే చదువు" అన్నాడు.
నీకు రాదు కదా అన్నాను.
"వినడం వచ్చు."

వెండౌరీ చెరువు గట్టున, అతని పాత ట్రక్కులో
రెండు గంటలు చదివాను.
అద్దాలు మసకబారాయి.
నల్లహంసలు గడ్డిమీదకొచ్చి, ఏం లేదని పోయాయి.
ఒకచోట గొంతు ఆగిపోతే
థర్మాస్ మూత నా వైపు జరిపాడు, అంతే.
లోలోపల నవ్వుకున్నాను కూడా:
అర్థంకానివాడి ముందు ఒప్పుకోవడం
గోడకి చెప్పుకోవడమే కదా,
ఇక్కడా తప్పించుకున్నాను కదా అని.

అయిపోయాక అతను
బిస్కట్ పాకెట్ వెనక్కి తిప్పి చూపించాడు.
అయిదేసి చొప్పున కట్టలు కట్టిన పెన్సిలు గీతలు.
"ఒకే మాట మళ్ళీ మళ్ళీ వచ్చింది.
అబ... ద్ధం. యాభై మూడుసార్లు.
అంటే ఏమిటి?"

ఎంతమందో కాదు, ఎంత డబ్బో కాదు,
ఇంగ్లీషులో నేను మొదట చెప్పింది ఆ ఒక్క మాట.
"నాదీ అదే" అన్నాడు మెర్వ్.
"మీ భాషలో బరువెక్కువ."

ఇంటికొచ్చేసరికి పదకొండు.
వర్ధని హాల్లో లైటు ఆర్పలేదు.
ఏడాదిగా మేం పడుకునే గదులు రెండు,
మధ్యలో పాప గది.
ఆమె క్షమించలేదు, నేనడగనూ లేదు;
అడిగే మెట్టు ఇంకా పైనెక్కడో ఉంది.
"ఎక్కడికెళ్ళావ్?" అంది
జవాబు మీద ఆశలేని గొంతుతో.

చెరువు దగ్గరికి. మెర్వ్‌తో.
నోట్‌బుక్కు మొత్తం చదివాను.

నకిలీ నోటుని వెలుతురుకి పట్టి చూసినట్టు
నా మొహాన్ని చాలాసేపు చూసింది.
కుక్కర్లో అన్నం ఉందని చెప్పి
లైటు ఆర్పి వెళ్ళింది.

చీకట్లో నిలబడి లెక్కపెట్టాను.
యాభై మూడే.
ఈ రాత్రికి.