ఎడమ చెవి జోడీ

నాలుగు వాల్వుల కోసం మూడు నెలలు తిరిగాను.
ఈఎల్ ముప్పై నాలుగు, పాతవి, ఇక్కడే తయారైనవి.
లీడ్స్‌లో ఒకాయన రెండు అమ్మాడు,
పెట్టె మీద గొప్ప పేరు, గాజు మీద అదే పేరు.
ఇంటికొచ్చి బొటనవేలితో తుడిస్తే
పేరు ఊడి వేలికంటింది.
దాని కింద ఇంకో దేశం.

అప్పట్నుంచి పేర్లు చదవడం మానేశాను.
గాజు అడుగున, దీపానికి ఏటవాలుగా పట్టుకుంటే తప్ప
కనపడని చీమకాళ్ల రాత ఉంటుంది, అది చదువుతాను.
బి అంటే బ్లాక్‌బర్న్,
రెండు అంటే అరవై రెండు,
ఎఫ్ అంటే జూన్, చివరి ఒకటి మొదటి వారం.
కన్నబిడ్డ పుట్టుమచ్చల్ని కూడా
ఇంత శ్రద్ధగా చూసుకోలేదు నేను.

నా ఉద్యోగం చెవులు కొలవడం.
బ్లాక్‌బర్న్ ఆసుపత్రిలో, కిటికీ లేని గదిలో
కూత వినపడగానే బటన్ నొక్కమంటాను.
మార్చిలో బెరిల్ హేస్లమ్ వచ్చింది. ఎనభై నిండాయి.
కుడి చెవి ఎప్పుడో మూసేసిన కొట్టు.
ఎడమది సగం తలుపు తెరిచి ఉంది:
సన్నని శబ్దాలు వెళ్లిపోయాయి,
బొంగురువి ఇంకా వచ్చిపోతున్నాయి.
ఎక్కడ పాడయిందమ్మా అంటే
"గాజు అతికే మంటల పక్కన, ఏడేళ్లు.
వాల్వులు చేసేవాళ్లం, నాయనా."

నేను రాయాల్సిన అంకె మర్చిపోయాను.

ఆదివారం డార్వెన్‌లో వాన.
బిస్కెట్ డబ్బా మూత రాక ఇద్దరం చెంచాతో తీశాం.
పాత మేజోళ్లలో చుట్టిన ఐదు వాల్వులు.
ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని పెన్సిల్‌తో తట్టాను,
మా మేనత్త కుండ కొనేముందు తట్టినట్టు.
ఒకదాని నెత్తిన వెండిపూత
విరిగిన పాలలా తెల్లబడింది.
"గాలి చొరబడింది," అంది బెరిల్. "అది ఒట్టి సీసా."
రెండింటి కొలత దగ్గరగా వచ్చింది,
ముప్పై ఆరు, ముప్పై ఏడు. పొంతన కుదిరింది.
మిగతా రెండూ
ఒకటి ఇరవై, ఒకటి యాభై,
ఏ పంతులూ కలపలేని జాతకాలు.

ఆవిడ భూతద్దం తెచ్చి కుదిరిన జోడీ లోపలికి చూసింది.
"ఇది షీలాది. ఎడమచేతివాటం కదా,
అతుకు ఎప్పుడూ అటే వంగేది. తిట్లు తినేది."
"మరి ఇది?"
"ఎవరిదో. శుక్రవారం సాయంత్రం పని."

"ఎంతివ్వను?" అన్నాను,
లీడ్స్ ధర నాలుక చివర దాచుకుని.
"ఒక్కోదానికి ఐదు పౌన్లు. అప్పటి నా వారం జీతం."
రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

నా యాంప్లిఫయర్‌కి నాలుగు నోళ్లు.
ఇంకో రెండు రష్యాలోని సరతోవ్ నుంచి తెప్పించాను, కొత్తవి.
రెండు ఊళ్ల వంట ఒకే విస్తట్లో వడ్డించకూడదని
తెలిసినవాళ్లందరూ చెప్పారు.
వినలేదు.
కుడివైపు సరతోవ్. ఎడమవైపు బ్లాక్‌బర్న్.

మే నెలలో బెరిల్‌ని కారులో తీసుకొచ్చి
పనిచేసే చెవి ఎడమ స్పీకరుకి దగ్గరయ్యేలా
కుర్చీ జరిపి కూర్చోబెట్టాను.
స్విచ్ వేశాక నిమిషం చీకటి,
ఆ తర్వాత నాలుగు గాజుల్లో
అగరొత్తి కొసంత ఎరుపు.

రికార్డు తీయబోతుంటే చెయ్యి పట్టుకుంది.
"ఉండు. ముందు దీన్ని విననీ."

దేన్ని?
యాభై హెర్ట్జ్ గుర్రు, అంతే, స్పీకరు అడుగున.
నాకది లోపం. రేపు ఎర్త్ తీగ చూడాలి
అని మనసులో రాసుకుంటున్నాను.
ఆవిడ తల ఎడమకి వాల్చి
ఒళ్లో రెండు వేళ్లతో
ఏదో సన్నని తీగ పట్టుకుని చుడుతోంది.

టీ పెట్టనా అని అడిగాను.

కళ్లు తెరవకుండానే అంది,
"గంట ఇంకా కొట్టలేదు."