కాటా

ఇల్లినాయ్‌లో ఫిబ్రవరి.
గడ్డి కనపడని బయలు మీద
బైసన్‌లు వీపుల నిండా మంచు మోస్తూ నిలబడ్డాయి.
వాటికి కాస్త దూరంలో, నేల లోపల
నాలుగు మైళ్ల గుండ్రటి దారిలో
ప్రోటాన్లు ఎదురెదురు పరుగుల వాటితో ఢీకొని
రాత్రంతా పొడి అవుతూనే ఉన్నాయి.

షిఫ్టు దిగి ఇంటికొచ్చిన వెర్నా
బూట్లు విప్పకుండానే చెప్పింది:
"ఒకటి దొరికినట్టుంది."

ఆరిన్ గుడ్లు వేయిస్తున్నాడు.
ముప్పై ఏళ్లుగా ధాన్యం గోదాము దగ్గర
మొక్కజొన్న లారీలు తూచే మనిషి.
"ఎంత ఉంటుంది?" అన్నాడు.
అతనికి ఏ సంగతైనా ముందు బరువే.

"ఇంచుమించు ఒక బంగారు పరమాణువంత.
కానీ పరమాణువంటే ఊరు.
నడుమ గుంపు, చుట్టూ తిరిగేవాళ్లు, ఇరుగూ పొరుగూ.
ఇది ఒక్కటే. లోపల ఇంకెవరూ లేరు.
టాప్ క్వార్క్."

తోటి క్వార్కులు జట్టు కట్టి బతుకుతాయట,
మూడు కలిస్తే ప్రోటాను, రెండు కలిస్తే ఇంకేదో.
ఇది మాత్రం ఎవరి చెయ్యీ అందుకోదు.
పొగరు కాదు. వ్యవధి లేదు.
చెయ్యి చాచే లోపే అయిపోతుంది.
రెప్పపాటు అనకండి;
దాని ఆయువుతో కొలిస్తే
మన రెప్పపాటుకు యుగాలు చాలవు.

"నిలవని దాన్ని కాటా ఎలా ఎక్కిస్తారు?"
పెనం మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

ఆమె నవ్వింది. "నువ్వు తూచినట్టే.
లారీ నిండుగా వస్తుంది, ఖాళీగా పోతుంది,
గింజల్ని విడిగా ఎప్పుడైనా తూచావా?
మేమూ అంతే, చెదిరిన ముక్కలు ఏరుతాం,
ఏది ఎటు ఎంత విసురుగా పోయిందో రాసుకుంటాం.
ఒక్కోసారి ఒకవైపు లెక్క తగ్గుతుంది.
న్యూట్రినో ఒకటి
చెప్పాపెట్టకుండా గోడలు దాటిపోయిందన్నమాట.
దాన్నీ కలుపుకోవాలి.
పోయినదాన్ని వదిలేస్తే తూకం తప్పు."

గుడ్డు అంచు మాడింది.
ఇద్దరూ అదే తిన్నారు.

కాఫీ చల్లారాక అంది:
"దీని బరువు ఇంకాస్త ఎక్కువై ఉంటే
ఈ శూన్యమే నిలకడగా ఉండదేమోనని
కొందరి అనుమానం.
శూన్యం కదిలితే ఇక ఏదీ ఉండదు."
"ఇంకాస్త అంటే?"
బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి చేర్చి చూపింది.
ఆ సందులో గురివింద గింజ కూడా పట్టదు.

ఆరిన్ ఏమీ అనలేదు. టోపీ పెట్టుకున్నాడు.

ఆ పొద్దున మొదటి లారీ రాకముందే
కాటా పలక మీది మంచు ఊడ్చాడు.
ముల్లు సున్నా దగ్గర నిలిచింది.
కాసేపు చూసి
మళ్లీ ఊడ్చాడు.