కారణం అనే గడి

గ్డినియా రేవులో జనవరి.
క్రేన్ల మెడల మీద మంచు.
ఓడల మరమ్మతు కంపెనీలో మూడో అంతస్తు,
హీటరు పక్క బల్ల నాది.
పేరు బొజెన్నా క్రెఫ్తా.
ఎవరికి పని ఉందో ఎవరికి లేదో
పంతొమ్మిదేళ్లుగా చెబుతున్నాను.

ఇప్పుడు నాకంటే ముందు అది చెబుతోంది.
నేను నిద్రలో ఉండగా
రెండొందల పన్నెండు దరఖాస్తులు చదివి
పొద్దుటికల్లా జల్లెడ పట్టి పెడుతుంది.
పైన ముప్ఫైమంది, ఆకుపచ్చ.
కింద మిగతా అందరూ, బూడిదరంగు.
"పైవాళ్లకి ఫోన్ చెయ్యండి,
కిందివాళ్లకి ఉత్తరాలు అదే పంపుకుంటుంది"
అంటాడు కుర్ర మేనేజరు సెవెరిన్.
గోడకి కొత్త పోస్టరు అంటించారు:
న్యాయం, పారదర్శకత, బాధ్యత.
ఒక్కో మాట కింద ఒక్కో నవ్వు మొహం.
దాని కింద కాఫీ మెషిను,
తరచూ చెడిపోయేది.

ఒక మంగళవారం, భోజనమయ్యాక,
టీ గ్లాసు ఇంకా చేతిని కాలుస్తుండగా,
ఎందుకో బూడిదరంగులోకి దిగాను.

నూట నలభయ్యో పేరు అల్బిన్ నెత్సెల్.
వెల్డరు. నీళ్ల అడుగున కూడా అతుకు వేయగలడు.
మార్కులు వందకి ముప్ఫైఒకటి.
ఎందుకని నొక్కి అడిగితే
ఒక్క ముక్క చెప్పింది:
ఉద్యోగంలో పదకొండు నెలల ఖాళీ.

మూడో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది.
వేరే ఓడలో గ్యాసు గొట్టం పగిలి
ఆ పదకొండు నెలలూ
కాలిన చేతులతో ఆసుపత్రిలో ఉన్నాడు.

తిలాపాపం తలా పిడికెడు అనుకున్నాను:
అమ్మినవాళ్లది కొంత, కొన్నవాళ్లది కొంత,
సంతకం పెట్టిన సెవెరిన్‌ది కొంత.
దీన్ని మాకు అమర్చిన ఇగాకి ఫోన్ చేశాను.
"ఖాళీ అంటే దీనికెందుకమ్మా అంత కోపం?
ఎవరు నేర్పారు?"
కాసేపు కీబోర్డు టకటక.
తర్వాత గొంతు తగ్గించి,
"మీరే, బొజెన్నా గారూ.
పాత ఫైళ్లన్నీ ఇచ్చారు కదా.
మధ్యలో ఖాళీ ఉన్నవాళ్లని
పదిమందిలో తొమ్మిదిమందిని మీరు తీసేశారు."

ఎవరూ చెప్పలేదు నాకు అలా చేయమని.
శుక్రవారం సాయంత్రం, నాలుగింటి బస్సు,
బల్ల మీద తరగని కుప్ప.
ఖాళీ కనిపిస్తే కాగితం పక్కకి.
ద్వేషమైనా బాగుండేది, కనీసం గుర్తుండేది.
వట్టి తొందర.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా.
ఈ దూడకి నిద్ర కూడా లేదు.
బస్సు తప్పుతుందన్న బెంగ లేదు.
నా తొందరని తీరిగ్గా
రోజూ రెండొందల మంది మీద మేపుతోంది.

అల్బిన్‌కి ఫోన్ చేశాను.
"ష్చెచిన్‌లో పని దొరికిందండీ, పోయిన వారమే" అన్నాడు.
గొంతులో నిష్ఠూరం లేదు.
"మీ ఉత్తరం మర్యాదగానే ఉంది" అన్నాడు.
ఆ మాట ఇంకా నా బల్ల దగ్గరే కూర్చుని ఉంది.

ఇప్పుడు రోజూ నలభై నిమిషాలు
కిందివాళ్లలో పదిమందిని చదువుతాను.
నిజం చెప్పాలంటే
ఏడెనిమిది సార్లు దాని మాటే సరైనది.
రెండు నెలలు టార్చి పట్టి
పన్నెండేళ్లని రాసినవాణ్ణి
నాకంటే ముందే పట్టేసింది. మెచ్చుకున్నాను.
మిగతా ఇద్దరి కోసమే ఈ నలభై నిమిషాలు.
సెవెరిన్ గడియారం చూస్తాడు.
చూడనీ.

ఫారం చివర 'కారణం' అని ఒక గడి ఉంది.
ఇన్నాళ్లూ అందులో
'సిస్టం నిర్ణయం' అని వచ్చేది.
ఇప్పుడు నా సొంత వాక్యం రాస్తాను,
పక్కనే నా ఫోన్ నంబరు.
ఫోన్లు వస్తాయి.
కొందరు తిడతారు.
తిట్టడానికైనా ఒక మనిషి దొరకాలి కదా.

నిన్న అలాంటి ఫోనులో ఉండగానే
నాలుగింటి బస్సు వెళ్లిపోయింది.
చాలాసేపు గాలిలో నిలబడ్డాను.
ఐదింటిది వచ్చింది,
ఖాళీగా.